కాల్చేసే వరిగడ్డితో ఇంట్లోనే పుట్టగొడుగులు: పెట్టుబడికి ముందు ఈ లెక్క చూసుకోండి

వరి కోతలయ్యాక విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం వెళ్తుంటే రోడ్డు పక్క చేలల్లో గడ్డి తగలబెట్టిన పొగ కనిపిస్తుంది. మిషన్‌తో కోస్తే గడ్డి చేనంతా చెదిరిపోతుంది. దాన్ని పోగు చేయాలంటే కూలి ఖర్చు. రెండో పంటకు చేను త్వరగా ఖాళీ కావాలి. అందుకే కొందరు రైతులు అగ్గిపుల్ల గీసేస్తారు.

అదే గడ్డి పుట్టగొడుగులకు తిండి. మన ఇళ్లల్లో ఖుంబీ అంటాం కదా, అదే. పొలం అక్కర్లేదు. నీడ, తేమ, శుభ్రత ఉన్న చిన్న గది చాలు. బయటికి వెళ్లి పని చేయడం కుదరని ఆడవాళ్లు చాలామంది దీని గురించి అడుగుతున్నారు. కానీ తొందరపడితే చేతులు కాలతాయి. మా బంధువుల్లో ఒక ఆపా గొలుసు తాకట్టు పెట్టి మొదటిసారే వంద బ్యాగులు పెట్టింది. అంత గడ్డి ఉడికించే పాత్ర ఇంట్లో లేదు. గ్యాస్ మిగులుతుందని వేడినీళ్లు పోసి సరిపెట్టింది. పదిహేను రోజులు తిరక్కుండానే సగానికి పైగా బ్యాగుల్లో పచ్చ బూజు పట్టింది. గొలుసు ఇంకా విడిపించలేదు.

ఏ రకం పెంచాలి?

మార్కెట్‌లో ఎక్కువగా కనిపించే బటన్ రకం మనకు కుదరదు. కాపుకు 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి, అంటే ఏసీ ఖర్చు. ముత్యపు చిప్ప రకం, అంటే ఆయిస్టర్, 20 నుంచి 30 డిగ్రీల్లో వస్తుంది. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దానికి అనువైన కాలం. వేడి పెరిగాక పాల పుట్టగొడుగు, అంటే మిల్కీ రకం, నయం. అది 30 నుంచి 35 డిగ్రీలను తట్టుకుంటుంది. ఇందులో ఏపీకే-2 అనే రకాన్ని కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో విడుదల చేసింది. అయితే దీనికి బ్యాగు పైన శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి. కొత్తవాళ్లు ఆయిస్టర్‌తో మొదలుపెట్టడం మంచిది.

పని ఎలా సాగుతుంది?

వానకు తడవని, బంగారు రంగులో ఉన్న కొత్త గడ్డి తీసుకోండి. రెండు అంగుళాల లోపు ముక్కలు కోసి నాలుగైదు గంటలు నీళ్లలో నానబెట్టాలి. తర్వాత సుమారు గంటసేపు ఉడికించాలి. అసలు కీలకం ఇదే. గడ్డిలో అప్పటికే ఉన్న వేరే బూజులు చావకపోతే మన విత్తనం కంటే అవే ముందు పెరుగుతాయి. ఆపా దగ్గర జరిగింది అదే.

ఉడికిన గడ్డిని శుభ్రమైన చోట ఆరబెట్టాలి. గుప్పెట్లో గట్టిగా పిండితే చెయ్యి తడి కావాలి గానీ నీళ్లు కారకూడదు. పాలిథిన్ కవరులో రెండు అంగుళాల మందాన గడ్డి వేసి, అంచుల వెంట విత్తనం చల్లి, మళ్లీ గడ్డి వేయాలి. ఇలా నాలుగైదు పొరలు. విత్తనం అంటే స్పాన్. జొన్న లాంటి గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు అది. తడి గడ్డి వంద కిలోలకు రెండు కిలోల చొప్పున పడుతుంది. మూతి కట్టి, గాలికి చిన్న రంధ్రాలు పెట్టి, చీకటి గదిలో ఉంచాలి.

రెండు మూడు వారాల్లో బ్యాగంతా తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు కవరు చీల్చి కాస్త వెలుతురు, గాలి తగలనివ్వాలి. గదిలో తేమ 80 శాతం పైనే ఉండాలి. ఫజర్ తర్వాత ఒకసారి, జుహర్ తర్వాత ఒకసారి, మగ్రిబ్‌కు ముందు ఒకసారి నీళ్లు స్ప్రే చేస్తే చాలావరకు సరిపోతుంది. మొగ్గలు వచ్చాక రెండు మూడు రోజుల్లో కోతకొస్తాయి. వారం పది రోజుల తేడాతో మరో రెండు కాపులు తీయొచ్చు. మిగిలిన గడ్డి ఎరువుకు పనికొస్తుంది.

లెక్క ఇలా వేయండి

కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి కిలో దాకా దిగుబడి రావొచ్చు. బీకాం చదివిన అలవాటుతో చెబుతున్నా, ఎప్పుడూ తక్కువ అంకెతోనే లెక్క కట్టండి. కిలో గడ్డి పట్టే పది బ్యాగులు పెట్టి, రెండు పోయాయనుకుంటే చేతికొచ్చేది నాలుగు కిలోలు. మీ వీధిలో అది ఎంతకు పోతుందో ముందే అడగండి. అందులోంచి విత్తనం, కవర్లు, గ్యాస్, ఆటో ఛార్జీ తీసేయండి. మీ కష్టానికి కూలి కూడా రాయండి. మిగిలితేనే వ్యాపారం. కోసిన సరుకు ఒకటి రెండు రోజుల్లోనే వాడిపోతుంది కాబట్టి కొనేవాళ్లను చూసుకున్నాకే బ్యాగులు పెంచండి.

"డిపాజిట్ కట్టండి, పంటంతా మేమే కొంటాం" అనేవాళ్లతో జాగ్రత్త. ముందు డబ్బు అడిగితే రాతపూర్వక ఒప్పందం, పాత రైతుల అనుభవం రెండూ చూడాల్సిందే. ఘంటసాల, గరికపాడుల్లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. శిక్షణ, మంచి విత్తనం గురించి అక్కడ అడగండి.

మరో రెండు మాటలు

హలాలేనా అని అడిగేవాళ్లున్నారు. ఇది జంతువు కాదు, జబహ్ ప్రశ్నే రాదు. విషం, నషా లేనిదైతే ఇబ్బంది లేదని ఉలమా చెబుతారు. హదీసుల్లో వచ్చే 'కమ్అ' ఎడారి మట్టిలో దొరికే ట్రఫుల్ జాతి. దాని పేరు చెప్పి ఈ పుట్టగొడుగులను కంటి మందుగా అమ్మితే నమ్మకండి. వానాకాలంలో గోడల పక్కన, చెట్ల కింద మొలిచేవి మాత్రం తెలియకుండా తినొద్దు, కొన్ని ప్రాణం తీస్తాయి.

ఆయిస్టర్ పుట్టగొడుగుల నుంచి రాలే సన్నటి పొడి ఆస్తమా ఉన్నవాళ్లకు పడదు. పిల్లలు పడుకునే గదిలో బ్యాగులు పెట్టకండి, కోసేటప్పుడు మాస్క్ కట్టుకోండి.

మొదట పది బ్యాగులే పెట్టండి. పోయినా గొలుసు మెడలోనే ఉంటుంది. నిలబడితే వచ్చే కోతలకు గడ్డి కోసం రైతు దగ్గరికి మీరే వెళ్తారు, ఇన్షా అల్లాహ్.