డబ్బా మీది ల్యూమెన్లు, రాత్రంతా నిలిచే వాట్-అవర్లు

సైకిలుకు లైటు కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కంటపడేది ఒక పెద్ద అంకె. ఒకడు 10,000 ల్యూమెన్లంటాడు, పక్కవాడు 20,000 అంటాడు. ధర మాత్రం వెయ్యి రూపాయల లోపే. కింద చిన్న అక్షరాల్లో ‘6 గంటలు వెలుగుతుంది’ అని కూడా ఉంటుంది.

ఇందులో నిజమెంతో తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు. లెన్సు దాటి బయటికి వచ్చే కాంతిని లెక్కిస్తే, సైకిలు లైట్లలో వాడే ఎల్‌ఈడీ ఒక వాట్ విద్యుత్తుకు సుమారుగా 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే 10,000 ల్యూమెన్లకు 100 వాట్లు కావాలి. ఆ లైటుతో వచ్చే బ్యాటరీలో సాధారణంగా రెండు లిథియం-అయాన్ సెల్స్ ఉంటాయి. అవి నిఖార్సైనవే అనుకున్నా రెండింటిలో కలిపి దాదాపు 25 వాట్-అవర్ల శక్తి పడుతుంది. 25ని 100తో భాగిస్తే పావుగంట! ఆ వెలుగూ ఆరు గంటలూ రెండూ ఒకేసారి నిజం కాలేవు. చాలాసార్లు రెండూ నిజం కావు.

వాట్-అవర్ అంటే ఒక వాట్ చొప్పున గంటసేపు ఖర్చయ్యే శక్తి. బ్యాటరీల మీద ఎక్కువగా ముద్రించేది మిల్లీ ఆంపియర్-అవర్లు. వాటిని వోల్టేజీతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. ఉదాహరణకు 18650 అనే సెల్‌ను తీసుకుందాం. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి దానికా పేరు. అందులో మేలైన రకం 3,500 మిల్లీ ఆంపియర్-అవర్లు, 3.6 వోల్టులు, అంటే 12.6 వాట్-అవర్లు. అదే సైజు సెల్ మీద 9,900 అని రాసి ఉంటే ఆ చొక్కా లోపల మనిషి వేరని అర్థం. వంటింటి త్రాసులో తూచి చూడండి. మంచి సెల్ 45 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, దొంగ సెల్ చాలాసార్లు బాగా తేలిగ్గా తూగుతుంది.

ఎంత వెలుగు కావాలి?

తెల్లవారుజామున పాల క్యాన్లతో హైవే ఎక్కేవారికీ, చీకట్లో పేపర్లు వేసే కుర్రాళ్లకూ, రాత్రి షిఫ్టు దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్‌కూ, వందల కిలోమీటర్లు ఏకబిగిన తొక్కే బ్రెవే రైడర్లకూ ప్రమాదం ఒకటే: టెయిల్ లైట్ లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ, రంగు వేయని స్పీడ్ బ్రేకర్, పడుకున్న గేదె. వాటిని ఢీకొనకుండా ఆగగలిగే దూరంలోనే అవి కనపడాలి.

గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5.6 మీటర్లు. అడ్డంకిని గుర్తించి బ్రేకు నొక్కడానికి సెకనున్నర పట్టిందనుకుంటే అప్పటికే 8 మీటర్లు దాటిపోతాం. బ్రేకు పట్టాక ఇంకో నాలుగైదు మీటర్లు. మొత్తం 13 మీటర్లు. అదే ఘాట్ రోడ్డు దిగుతూ 40 మీద ఉంటే ఆగడానికి దాదాపు 35 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది.

ల్యూమెన్ అనేది లైటు నుంచి అన్ని వైపులకూ వచ్చే మొత్తం కాంతికి కొలత. రోడ్డు మీద ఒక చదరపు మీటరుకు ఎంత చేరిందో చెప్పేది లక్స్. మనకు పనికొచ్చేది రెండోదే. పైగా దూరంతో కాంతి వేగంగా పలచబడుతుంది: 10 మీటర్ల దగ్గర 40 లక్స్ ఇచ్చే లైటు 20 మీటర్ల దగ్గర 10, 40 మీటర్ల దగ్గర రెండున్నర మాత్రమే ఇస్తుంది. కాబట్టి వెలుగును ఎటు పంపుతున్నామన్నదే ముఖ్యం. గుండ్రటి కాంతినిచ్చే టార్చిలాంటి లైటు చాలా కాంతిని చెట్ల కొమ్మలకూ, ఎదురొచ్చే డ్రైవరు కళ్లకూ పంచిపెడుతుంది. మోటారు సైకిలు హెడ్‌లైటులాగా పైభాగాన్ని అడ్డంగా కోసి కాంతినంతా రోడ్డు మీదికి వంచే లెన్సు ఉంటే 200 ల్యూమెన్లతోనే పని నడుస్తుంది. కొనేముందు దుకాణంలో గోడ మీద వేసి చూస్తే తెలిసిపోతుంది. వెలుగు పైఅంచు గీత గీసినట్టు ఉండాలి.

మన కన్ను కూడా ఇక్కడ మనకు సాయపడుతుంది. కాంతి సగానికి తగ్గినా కంటికి సగమైనట్టు అనిపించదు, కొద్దిగా తగ్గిందనిపిస్తుంది, అంతే. లైటును హై నుంచి మీడియంకు మార్చితే చూపులో పోయేది కొంచెం, బ్యాటరీలో మిగిలేది సగం. పైగా చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. చక్రం ముందు రెండు మీటర్ల మేర పాలవెల్లిలా వెలిగిస్తే ఆ అలవాటు చెడి, దూరాన ఉన్న లారీ మరింత నల్లగా మారుతుంది. ఎక్కువ వెలుగుతో తక్కువ చూడటమన్నమాట.

ఒక రాత్రి పద్దు

400 కిలోమీటర్ల బ్రెవేకు 27 గంటల గడువు ఉంటుంది. ఉదయం 6కు మొదలుపెట్టినవారికి సాయంత్రం నుంచి తెల్లారేదాకా సుమారు 12 గంటల చీకటి. లైటు లేనిదే నిర్వాహకులు రాత్రి తొక్కనివ్వరు. ఇప్పుడు పద్దు వేద్దాం. 10 గంటలు మీడియంలో, 2 వాట్ల చొప్పున 20 వాట్-అవర్లు. దిగుడు రోడ్లలో గంటసేపు హైలో 5 వాట్-అవర్లు. వీధి దీపాలున్న ఊళ్లలో ఒక గంట, దాదాపు ఏమీ లేదు. మొత్తం 25. రాత్రంతా హైలోనే ఉంచితే అదే 60 అవుతుంది!

వెయ్యి, పదిహేను వందల రూపాయల లైటులో సాధారణంగా ఒకే సెల్ ఉంటుంది, అంటే 12 వాట్-అవర్లు. మిగతాది పవర్ బ్యాంకు ఇవ్వాలి. 10,000 మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్ బ్యాంకు అంటే 37 వాట్-అవర్లు అనుకుంటాం. కానీ లోపలి 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత వేడిగా పోయి 31 మిగులుతుంది. ఆ 5 వోల్టులను లైటు మళ్లీ తన సెల్‌కు తగ్గట్టు దించుకుంటుంది, అక్కడ ఇంకో అయిదో వంతు, నాలుగో వంతు పోతుంది. చివరికి చేరేది 24 లేదా 25. అయినా లైటులోని 12తో కలిపితే మన రాత్రికి చాలు, ఫోనుకు కొంత మిగులుతుంది కూడా.

లెక్క సరిపోయినా దారిలో దెబ్బతీసే సంగతులు రెండున్నాయి. కొన్ని లైట్లు ఛార్జింగ్ పెడితే వెలగవు. ఆ సంగతి అర్ధరాత్రి తెలియడం కంటే ఇంట్లో తెలియడం మేలు. ఇక కరెంటు బాగా తక్కువగా లాగే పరికరం ఉంటే ‘ఏమీ తగిలించలేదు’ అనుకుని పవర్ బ్యాంకు తనంతట తనే ఆగిపోతుంది. చిన్న టెయిల్ లైట్ల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. అందుకే వెనుక లైటుకు పెన్సిల్ సెల్స్‌తో నడిచే పాతరకమే నాకిష్టం. తక్కువ శక్తితో పదుల గంటలు వెలుగుతుంది, అయిపోతే దారిలో ఏ కిరాణా కొట్టులోనైనా సెల్స్ దొరుకుతాయి.

లిథియం-అయాన్ సెల్స్‌కు ఎండా పడదు, మంచూ పడదు. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేస్తే త్వరగా పాడవుతాయి. మే నెలలో హ్యాండిల్‌కు కట్టిన నల్ల సంచిలో ఆ వేడి రావడం ఎంతసేపు! మనాలీ-లేహ్ దారిలో తిప్పలు వేరు. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. అక్కడ రాత్రి పవర్ బ్యాంకును దుప్పటిలోకి తీసుకోవాల్సిందే.

డైనమో మళ్లీ వచ్చిందా?

టైరుకు ఆనుకుని గుయ్యిమని తిరిగే డైనమో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది 6 వోల్టులు, 3 వాట్లు: ముందు బల్బుకు 2.4, వెనుక బల్బుకు 0.6. దానిలో ఒక తమాషా ఉంది. జోరుగా తొక్కితే వోల్టేజీ పెరిగి బల్బు మాడాలి కదా? డైనమోలో పుట్టేది ఏసీ. వేగంతో పాటు దాని పౌనఃపున్యం పెరుగుతుంది, పౌనఃపున్యం పెరిగేకొద్దీ డైనమో లోపలి తీగచుట్ట కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది. ఒకటి పెంచితే ఇంకొకటి తుంచుతుంది. ఫలితంగా కరెంటు అర ఆంపియర్ దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. వెనుక బల్బు పోయిన కొద్దిసేపటికే ముందు బల్బూ పోయే జబ్బుకు కారణం కూడా ఇదే: రెండింటికీ పంచాల్సిన కరెంటంతా ఒక్కదాని నెత్తిన పడేది.

ఇప్పటి డైనమో చక్రం ఇరుసులోనే ఉంటుంది. వానకు జారదు, టైరును అరగదీయదు. అదే 3 వాట్లతో ఎల్‌ఈడీ చక్కగా వెలుగుతుంది. కాళ్ల నుంచి అది లాగేది 5, 6 వాట్లు. సమతల రోడ్డు మీద మనిషి పెట్టే సుమారు 80 వాట్లలో అదేమంత బరువు కాదు. కానీ హబ్, చక్రం అల్లించే కూలీ, తగిన లైటు అన్నీ కలిపితే ఒక మామూలు సైకిలు ధరకు పోతుంది. ఎత్తు ఎక్కుతూ వేగం తగ్గితే వెలుగూ తగ్గుతుంది. నెలకోసారి రాత్రి తొక్కేవారికి పవర్ బ్యాంకే చవక. వారాల తరబడి ఊళ్లు తిరిగేవారికి డైనమో గిట్టుబాటు.

వెనుక వైపు ఒక లైటు స్థిరంగా వెలగనివ్వండి. మిణుకుమనేది త్వరగా దృష్టిలో పడుతుంది కానీ ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం డ్రైవరుకు కష్టమవుతుంది. రెండోది మిణుకుమన్నా ఫర్వాలేదు. ఇక రిఫ్లెక్టరుకు బ్యాటరీయే అక్కర్లేదు. ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు తలాల చిన్న చిన్న మూలలు అందులో వందలుగా ఉంటాయి. ఏ వైపు నుంచి వచ్చిన కాంతిని ఆ వైపుకే తిప్పి పంపడం వాటి పని. పెడళ్ల మీద, చీలమండల దగ్గర ఉంటే ఇంకా మంచిది. పైకీ కిందికీ ఊగే ఆ మెరుపును చూసి అది మైలురాయి కాదు, తొక్కుతున్న మనిషి అని డ్రైవరు వెంటనే పోల్చుకుంటాడు.

కొత్త లైటు కొన్నాక ఒక సాయంత్రం దానికి కేటాయించండి. పూర్తిగా ఛార్జ్ చేసి టేబుల్ ఫ్యాను ముందు పెట్టండి; రోడ్డు మీద తగిలే గాలిలాగే అదీ ఎల్‌ఈడీని చల్లబరుస్తుంది. మీడియంలో వెలిగించి గంటగంటకూ గోడ మీద వెలుగును ఒకే సెట్టింగులో ఫోటో తీసి టైము రాసుకోండి. చవక లైట్లు కొన్ని బ్యాటరీ తగ్గేకొద్దీ మెల్లగా మసకబారుతాయి, కంటికి ఆ తేడా తెలియదు, ఫోటోలో తెలుస్తుంది. ఆరాక దాన్ని పవర్ బ్యాంకుకు తగిలించి, వెలుగుతూనే ఛార్జ్ అవుతుందో లేదో కూడా అప్పుడే చూసేయండి.