తంజావూరు చూడవచ్చే మనవారికి

తంజావూరు చూడడానికి వచ్చే మన బంధువులలో చాలామంది పొద్దున రైలు దిగి, పెద్ద గుడి చూసుకొని, మధ్యాహ్నానికి కుంభకోణం బండి ఎక్కుతారు. "గుడి చూశాం గదా, ఇంకేమున్నది?" అంటారు. ఇంకా చాలా ఉన్నది. తెలుగువారు ముఖ్యంగా చూడవలసినది అసలు అక్కడే మొదలవుతుంది. మేము ఈ జిల్లాలో తరతరాలుగా కాపురమున్నవాళ్ళం. చుట్టాలకు ఊరు చూపించే వంతు ఏడాదికి రెండు మూడు తడవలైనా మాకు పడుతూనే ఉంటుంది. చూడవచ్చేవారికీ, బదిలీ మీద వచ్చి ఇక్కడ కొత్తగా ఇల్లు చేసుకొనేవారికీ పనికివస్తాయని ఈ నాలుగు సంగతులు ఒకచోట చేర్చాం.

పెద్ద గుడి

రాజరాజ చోళుడు కట్టించిన బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది. విమానం ఎత్తు సుమారు 200 అడుగులు. కట్టడమంతా రాయి. ఈ ఊరి చుట్టూ ఎంత దూరం చూసినా వరిచేలే గాని కొండ అన్నది కనిపించదు. అంత రాయీ దూరం నుంచి తెచ్చినదే.

"ఈ గోపురం నీడ నేల మీద పడదు" అని మీకు ఎవరో ఒకరు తప్పక చెబుతారు. నమ్మకండి. సాయంత్రం ఆవరణలో నిలబడితే నీడ చక్కగా పరుచుకొని అగుపిస్తుంది. ఆ గుడి గొప్పతనానికి కట్టుకథ తోడు అక్కరలేదు.

దానికన్నా గోడల మీది శాసనాలు చూడండి. గుడిలో కొలువున్న నాలుగు వందలమంది నాట్యకత్తెల పేర్లు, ఎవరు ఏ వీధిలో ఎన్నో ఇంట్లో ఉంటారన్నదీ, వారికి ఇచ్చే ధాన్యం లెక్కతో సహా అక్కడ చెక్కించారు. జీతాల రిజిస్టర్లు రాసుకొని బతికే మావంటి గుమాస్తాలకు ఆ గోడ చూస్తే ముచ్చట వేస్తుంది. వెయ్యేళ్ళ నాటి పద్దు, నేటికీ చదవవచ్చు!

ముందున్న పెద్ద నంది చోళులది కాదు; నాయకరాజుల కాలానిది. గర్భగుడి చుట్టూ ఉన్న నడవలో 1931లో చోళుల నాటి వర్ణచిత్రాలు బయటపడ్డాయి. అవి నాయకుల కాలపు చిత్రాల కింద ఇన్నాళ్ళూ దాగి ఉన్నవి. మామూలు యాత్రికులను ఆ నడవలోకి పోనివ్వరు.

మనవారికి తెలియవలసిన చుట్టరికం ఒకటి ఉన్నది. రాజరాజ చోళుడు తన కూతురు కుందవను వేంగి రాజు విమలాదిత్యునికి ఇచ్చాడు. వారి కొడుకే రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు, నన్నయగారిచేత భారతం తెలుగు చేయించినవాడు. అంటే ఈ గుడి కట్టించిన తాత పేరే ఆ మనుమడికి పెట్టారన్నమాట. ఆ నరేంద్రుని కొడుకు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు.

కోట, పుస్తకాలు

గుడి నుంచి కోట దూరమేమీ లేదు. తెలుగు నాయకరాజులు 1532 నుంచి 1673 వరకు తంజావూరు ఏలారు. కోటలోని రాజభవనం వారు మొదలుపెట్టినది. తరువాత మరాఠా రాజులు పెంచారు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. చేమకూర వెంకటకవి తన విజయవిలాసం అంకితమిచ్చినది ఆయనకే. ఆయన కొడుకు విజయరాఘవుడు యక్షగానాలు రాశాడు. ఆ కొలువులో రంగాజమ్మ వంటి స్త్రీలు కావ్యాలు చెప్పారు. తరువాత వచ్చిన మరాఠా రాజుల ఇంటి భాష మరాఠీ. చుట్టూ జనం మాట్లాడేది తమిళం. అయినా శహాజీ మహారాజు తెలుగులో యక్షగానాలు రాశాడంటే, ఈ ఊళ్ళో తెలుగుకు ఎంత పరువుండేదో ఊహించుకోవచ్చు.

కోటలోనే సరస్వతీ మహల్ గ్రంథాలయమున్నది. 1798 నుంచి 1832 వరకు రాజుగా ఉన్న రెండవ శరభోజి దీనిని బాగా వృద్ధి చేశాడు. 1918లో ప్రజలకు తెరిచారు. తాళపత్రాలలో సంస్కృతానివే ఎక్కువ. తెలుగువి కూడా వందల కొద్దీ ఉన్నవి. చూడవచ్చేవారికి ఒక ప్రదర్శనశాల పెట్టారు. తెలుగు గ్రంథాలు కొన్ని గ్రంథాలయం వారే అచ్చు వేయించారు. దొరికినవి అడిగి కొనుక్కోండి.

తిరువయ్యారు, మెలట్టూరు

ఉత్తరంగా సుమారు 13 కిలోమీటర్లు పోతే తిరువయ్యారు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ఉన్నది. ఆయన 1767లో తిరువారూరులో పుట్టి, ఇక్కడ బతికి, 1847లో ఇక్కడే సిద్ధి పొందారు. సమాధికి గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. తన ఆస్తి దానికే ధారపోశారు. ఆరాధనలో ఆడవారు పాడరాదన్న రోజులలో పట్టుబట్టి వారికి చోటు సంపాదించారు. ఆరాధన పుష్య బహుళ పంచమినాడు. ఆనాడు జనం కిటకిటలాడుతారు. శాంతంగా చూడాలంటే మరొక రోజు రండి.

మెలట్టూరు తంజావూరికి దగ్గరి పల్లె. అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబాలకిచ్చిన ఊరు. అక్కడ నృసింహ జయంతికి వెంకటరామశాస్త్రిగారి ప్రహ్లాద చరిత్రము మొదలైన తెలుగు నాటకాలు రాత్రుళ్ళు ఆడుతారు. ఆడవేషాలు కూడా మగవారే వేయడం ఆనవాయితీ.

కొన్ని సలహాలు

గుడికి తెల్లవారగానే వెళ్ళండి. మధ్యాహ్నం గర్భగుడి మూస్తారు. అదీగాక ఎండకు రాతిపలకలు అరికాళ్ళు కాలుస్తాయి. గుడికి పొద్దుట పూట, కోటకు పగలు, తిరువయ్యారుకు మరునాడు పెట్టుకుంటే తీరికగా ఉంటుంది. కార్తీకం దాటాక వస్తే చల్లదనం. తలాడించే తంజావూరు బొమ్మ కొనకుండా పిల్లలు మిమ్మల్ని ఇల్లు చేరనివ్వరు. వీణ కావలసినవారు పనసకొయ్యతో చేసేచోటికి వెళ్ళి, పని చూసి మరీ బేరమాడండి.

చివరికి ఒక మాట. తిరువయ్యారులో పంచరత్నాలు పాడేవారిలో ఎందరో తెలుగు రానివారు. తమిళ లిపిలో రాసుకొని, క గ తేడా తెలియడానికి అక్షరం పక్కన అంకె వేసుకొని, శ్రద్ధగా నేర్చుకుంటారు. మన ఇళ్ళలో సంగతి తలకిందులు. పిల్లలు తెలుగు మాట్లాడుతారు, అక్షరం రాదు. తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత బడిలో పదో తరగతి వరకు తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. దానితో మనకు తగవు లేదు. కాని తెలుగు ఓనమాలు దిద్దించే పని ఇక ఇంటివారిదే.

మహల్‌లోని అద్దాల బీరువా ముందు "నాన్నా, ఇది ఏ భాష?" అని తెలుగులోనే అడిగే తెలుగు పిల్లలను మేము చూశాం. మీరు తంజావూరు రాదలచుకుంటే రైలు టిక్కెట్టు కొన్ననాడే పిల్లలకు పెద్ద బాలశిక్ష కూడా కొనండి. రోజుకు అరగంట చాలు. ఇక్కడికి వచ్చేనాటికి ఒక్క పంక్తి కూడబలుక్కొని చదివినా, ప్రయాణపు ఖర్చు గిట్టినట్టే.