పిల్లులలో వెంట్రుకల ఉండలు

పిల్లి తన శరీరాన్ని నాకి శుభ్రపరచుకొనేటప్పుడు మింగిన వెంట్రుకలు జీర్ణాశయంలో చిక్కుపడి ముద్దగా ఏర్పడటాన్ని వెంట్రుకల ఉండ అంటారు. వైద్య పరిభాషలో దీని పేరు ట్రైకోబెజోర్. బెజోర్ అనే మాటకు మూలం పారశీక భాషలోని పాద్‌జహర్, అనగా విషానికి విరుగుడు. మేక వంటి జంతువుల పొట్టలో దొరికే ఉండలు విషాన్ని హరిస్తాయని పూర్వం పలు దేశాలలో నమ్మేవారు. ఆరోగ్యవంతమైన పిల్లి ఎప్పుడైనా ఒక ఉండను కక్కడం సాధారణమే. తరచుగా కక్కుతున్నట్లయితే అది వేరొక వ్యాధికి సూచన కావచ్చు. ఉండ పేగులో అడ్డుపడితే ప్రాణాపాయం కలుగుతుంది.

ఏర్పడే విధానం

పిల్లి నాలుకపై గొంతువైపు వంగిన సన్నని ముళ్ళ వంటి నిర్మాణాలు ఉంటాయి. ఇవి కెరటిన్ అనే మాంసకృత్తుతో నిర్మితమైనవి. మన గోళ్ళలో ఉండేది కూడా ఇదే పదార్థం. ఈ ముళ్ళకు చిక్కిన వెంట్రుకలను పిల్లి ఉమ్మివేయలేక మింగుతుంది. వెంట్రుక కూడా కెరటినే కనుక జీర్ణం కాదు. మింగిన వెంట్రుకలలో అధికభాగం మలంతో బయటకు పోతుంది. జీర్ణాశయంలో మిగిలినవి క్రమంగా ముద్ద కడతాయి. పేరుకు ఉండ అయినా, అన్నవాహిక గుండా బయటపడటం వలన ఇది వత్తిలాగా పొడవుగా కనిపిస్తుంది.

ఉండలు ఎక్కువ కావడానికి రెండు ముఖ్య కారణాలు ఉన్నాయి. మొదటిది, పిల్లి మామూలుకంటే అధికంగా నాకుకోవడం. దురద, అలర్జీ, రక్తం పీల్చే ఫ్లీ అనే రెక్కలులేని కీటకాలు, మానసిక ఆందోళన దీనికి దారితీస్తాయి. రెండవది, జీర్ణకోశపు కదలికలు మందగించడం. పేగుల దీర్ఘకాలిక వాపు ఇందుకు ఒక ఉదాహరణ.

కృష్ణా డెల్టాలో

కంకిపాడు వంటి ఊళ్ళలో ఎలుకల బెడద తగ్గించడానికి పెంచే నాటుపిల్లులకు బొచ్చు పొట్టిగా ఉంటుంది కనుక ఈ సమస్య తక్కువ. విజయవాడ పరిసరాలలో నేడు పెంచుతున్న పెర్షియన్ పిల్లులకు పొడవైన, మెత్తని బొచ్చు ఉండటం వలన సమస్య ఎక్కువ. తీరప్రాంతపు వెచ్చని, తేమగల వాతావరణం ఫ్లీ కీటకాల వృద్ధికి అనుకూలం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులలో నీరు చాలని పిల్లికి మలబద్ధకం కూడా కలగవచ్చు.

లక్షణాలు

ఉండను కక్కే ముందు పిల్లి మెడ చాచి, పొట్టను ఎగదన్నుతూ కొన్నిసార్లు ఓకరిస్తుంది. ఉండ బయటపడిన తరువాత మామూలుగా తిరుగుతుంది. ఈ క్రింది సందర్భాలలో ఆలస్యం చేయక పశువైద్యుని సంప్రదించాలి:

* పదేపదే ఓకరిస్తున్నా ఏమీ బయటకు రాకపోవడం
* ఒక రోజంతా ఆహారం ముట్టకపోవడం
* పొట్ట ఉబ్బడం, మలవిసర్జన ఆగిపోవడం, నీరసించి పడుకోవడం
* వాంతిలో రక్తం కనిపించడం

పిల్లులు, ముఖ్యంగా స్థూలకాయం గలవి, కొద్దిరోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణాంతకమైన వ్యాధి కలుగుతుంది. కనుక రోజుల తరబడి వేచిచూడరాదు.

రెండు ఇతర సమస్యలను వెంట్రుకల ఉండగా పొరబడే అవకాశం ఉన్నది. మొదటిది ఉబ్బసం. ఉబ్బసం గల పిల్లి నేలకు వంగి, మెడ చాచి దగ్గుతుంది. చూసేవారికి అది ఓకరింపులా తోస్తుంది. రెండవది దారం మింగడం. పూలదండ దారం, కుట్టుదారం మింగినప్పుడు ఒక కొన నాలుక క్రింద చిక్కుకొని, మిగిలిన భాగం పేగులను ముడుచుకుపోయేటట్లు లాగుతుంది. నోటినుండి గాని, మలద్వారం నుండి గాని దారం కనిపించినా లాగరాదు. లాగితే పేగు కోసుకుపోతుంది.

నివారణ

దువ్వడం అన్నిటికంటే సులభమైన ఉపాయం. పొడవాటి బొచ్చుగల పిల్లిని రోజూ, పొట్టి బొచ్చుగల పిల్లిని వారానికి ఒకటి రెండుసార్లు దువ్వాలి. దువ్వెనకు వచ్చిన ప్రతి వెంట్రుకా పిల్లి మింగకుండా తప్పినదే. దువ్వేటప్పుడు చర్మంపై పుండ్లు, కీటకాలు ఉన్నవేమో గమనించాలి. ఇంటిలో రెండు మూడు చోట్ల మంచినీరు ఉంచాలి. పీచుపదార్థం కలిపిన ప్రత్యేక ఆహారం కొన్ని పిల్లులకు ఉపకరిస్తుంది. గడ్డి కొరికే అలవాటు ఉంటే కుండీలో పెంచిన గరిక మేలు, ఎందుకంటే పొలం గట్లమీది గడ్డిపై పురుగుమందు పడి ఉండవచ్చు.

చికిత్స

వైద్యుడు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షలతో అడ్డంకిని గుర్తిస్తాడు. తేలికపాటి సమస్యకు ఉండ జారిపోవడానికి తోడ్పడే పేస్టును గాని, ఇసబ్‌గోల్ వంటి పీచును గాని తగిన మోతాదులో సూచిస్తాడు. నీరసించిన పిల్లికి సెలైన్ ఎక్కిస్తారు. పేగు పూర్తిగా మూసుకుపోతే శస్త్రచికిత్స చేసి ఉండను తొలగిస్తారు. ఉండలు తరచుగా వస్తుంటే మూలకారణమైన చర్మవ్యాధికి లేదా పేగు వ్యాధికి చికిత్స చేయాలి. కంకిపాడుకు సమీపాన గన్నవరంలో 1998లో స్థాపించిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. ఇది 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనిది.

చేయకూడని పనులు

ఆముదం, నూనె, పారాఫిన్ ద్రవం వంటివి బలవంతంగా నోట పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి వెళ్ళి న్యుమోనియా కలిగించవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మనుషులు వాడే పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు. కుక్కల కీటకాలకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లికి పూయరాదు. ఓకరిస్తున్న పిల్లి నోటిలో వేలు పెట్టరాదు. కరిచినట్లయితే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కొరకు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.