గ్రంథవిక్రేత రాబర్టు బెల్

స్వాతంత్ర్యగ్రంథమును రచించినవానిని లోకము కొనియాడును. దానిని తన పేరిట నచ్చొత్తి బహిరంగముగ విక్రయించినవానిని మఱచిపోవును. అమెరికా వలసరాష్ట్రములలో నిట్లు మఱుగుపడినవారిలో ఫిలడెల్ఫియా పుస్తకవ్యాపారి రాబర్టు బెల్ ముఖ్యుడని మా యభిప్రాయము.

ఈతడు స్కాట్లండున జన్మించెను. డబ్లిను నగరమున పుస్తకవ్యాపారము చేసి నష్టపడి, 1767 ప్రాంతమున అమెరికా చేరెను. నాడక్కడ పెద్ద గ్రంథములు చాలవఱకు ఇంగ్లండునుండి యోడలలో రావలసినవే. బెల్ ముందుగా చందాదారులను గూర్చుకొని, బ్లాక్‌స్టను న్యాయశాస్త్ర వ్యాఖ్యానములను నాలుగు సంపుటములుగ 1771-72 సంవత్సరములలో ఫిలడెల్ఫియాలోనే పునర్ముద్రించెను. ఆ గ్రంథము ఇంగ్లండులో నెన్ని ప్రతులు చెల్లినవో అమెరికాలోను దాదాపు నన్ని చెల్లినవని తాను వినినట్లు ఎడ్మండు బర్కు 1775లో పార్లమెంటున జెప్పి, న్యాయశాస్త్ర మెఱిగిన ప్రజల నణచుట సులభము గాదని హెచ్చరించెను.

పిదప టామస్ పెయిన్ రాజరికమును ఖండించి, సంపూర్ణ స్వాతంత్ర్యమును గోరుచు "కామన్ సెన్స్" అను చిన్న గ్రంథమును వ్రాసెను. దానిని ముద్రించుటకు ధైర్యము గలవాడు బెల్ యని వైద్యుడు బెంజమిన్ రష్ ఎన్నుకొనెను. 1776 జనవరిలో నది వెలువడెను. వెల రెండు షిల్లింగులు. ముఖపత్రముపై గ్రంథకర్త పేరు లేదు. మూడవవీధిలోని బెల్ పేరు మాత్రము స్పష్టముగ నుండెను. రాజద్రోహమని ప్రభుత్వము విచారణకు దిగినయెడల మొదట పట్టువడవలసినవా డెవ్వడో పాఠకులే గ్రహింతురు గాక.

ఈతని లోపములను మేము దాచము. లాభములో తన సగమును క్యూబెక్కు దండయాత్రలోని సైనికులకు చేతితొడుగులు కొనుటకై పెయిన్ ఉద్దేశింపగా, లాభమే మిగులలేదని బెల్ లెక్క చూపెను. పెయిన్ కినిసి గ్రంథమును బ్రాడ్‌ఫర్డుల కప్పగించెను. బెల్ గ్రంథకర్త సమ్మతి లేకయే రెండవకూర్పును వెలువరించెను. ఇరువురి కలహము పత్రికల కెక్కెను. అంతియకాదు, పెయిన్ వాదమును ఖండించుచు రాజపక్షమువారు వ్రాసిన "ప్లెయిన్ ట్రూత్" అను గ్రంథమును సైతము ఆ యేడే బెల్ ప్రచురించెను.

ఇది కేవలము వర్తకబుద్ధి యని కొందఱందురు. కావచ్చును. అయినను ఇరుపక్షముల వాదములును ఒక్క యంగడిలో దొరకినప్పుడే ప్రజలు స్వయముగ విచారించి తీర్పు చెప్పగలరు. 1784లో బెల్ మరణించునాటికి బ్రిటను ఆ రాష్ట్రముల స్వాతంత్ర్యము నంగీకరించి యొక యేడు గడచెను. స్వాతంత్ర్యవాక్యమును వ్రాయుట కొక సాహసము వలయును. దానిని బజారున బెట్టి యమ్ముటకు వేఱొక సాహసము వలయును. ఈ రెండవదానిని చరిత్ర విస్మరింపరాదు.