చివరి అడుగు దాటించే ప్రొటీన్: కొలెస్ట్రాల్ హార్మోనుగా మారే లెక్క

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు ఒక్క అంకె కోసమే వెతుకుతాయి. మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటిందా, లేదా? దాటితే ఆ రోజు నుంచే ఇంట్లో వేపుళ్లు బంద్. ఆ జాగ్రత్త మంచిదే. అయితే రక్తపోటు పడిపోకుండా చూసే హార్మోను, ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోను, కడుపులో బిడ్డను నిలబెట్టే హార్మోను, మగపిల్లాడికి మీసం మొలిపించే హార్మోను అన్నీ ఆ కొలెస్ట్రాల్ నుంచే తయారవుతాయి. ఈ తయారీలో అసలు చిక్కు ఎక్కడుందో తేలడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికాలో డగ్లస్ స్టోకో అనే శాస్త్రవేత్త చేసిన కృషి ఆ చిక్కుముడిని విప్పింది.

27 నుంచి 21కి

కొలెస్ట్రాల్ అణువులో 27 కార్బన్ పరమాణువులు ఉంటాయి. దాని తోకలోంచి 6 కార్బన్ల ముక్కను కత్తిరిస్తే 21 కార్బన్ల ప్రెగ్నెనలోన్ మిగులుతుంది. స్టీరాయిడ్ హార్మోన్లన్నిటికీ తల్లివేరు ఇదే. ఇందులోంచే 21 కార్బన్ల కార్టిసాల్, ఆల్డోస్టెరాన్, ప్రొజెస్టెరాన్ వస్తాయి. ఇంకాస్త తగ్గిస్తే 19 కార్బన్ల టెస్టోస్టెరాన్, మరొకటి తీసేస్తే 18 కార్బన్ల ఈస్ట్రాడయాల్.

ఆ మొదటి కత్తిరింపు చేసే ఎంజైమ్ ఒక్కటే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపలి పొర మీద అది ఉంటుంది. ఒక్కో కొలెస్ట్రాల్ అణువును కోయడానికి 3 ఆక్సిజన్ అణువులు ఖర్చు చేస్తుంది.

అడ్డంగా 2 పొరలు

మైటోకాండ్రియాకు పొరలు రెండు. కొలెస్ట్రాల్ బయటి పొర దాకా వస్తుంది, ఎంజైమ్ లోపలి పొర మీద ఉంటుంది. మధ్యలో ఉన్నది నీటి జాగా. కొవ్వు పదార్థమైన కొలెస్ట్రాల్ నీటిలో కరగదు. దూరం చూస్తే కంటికి ఆనని రవ్వంత, కానీ దానంతట అది దాటలేదు.

స్టీరాయిడ్ హార్మోను మన ఒంట్లో మూటగట్టి దాచుకునే సరుకు కాదు. అవసరం వచ్చినప్పుడు అప్పటికప్పుడు తయారు కావాలి. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే సంకేతం పంపితే, మూత్రపిండాల పైన కూర్చున్న అడ్రినల్ గ్రంథి నిమిషాల్లోనే కార్టిసాల్ తయారీ పెంచుతుంది. కణంలో కొత్త ప్రొటీన్ల తయారీని మందుతో ఆపేస్తే ఈ స్పందన కూడా ఆగిపోతుందని 1960లలోనే కనిపెట్టారు. సరుకుంది, ఎంజైమ్ ఉంది, అయినా పని జరగలేదు.

మరో ప్రయోగం లోపం ఎక్కడుందో చూపించింది. నీటి జాగాను సులువుగా దాటగల హైడ్రాక్సీ కొలెస్ట్రాల్‌ను అందిస్తే, ఆ కణాలే హార్మోను తయారుచేశాయి. అంటే ఎంజైమ్‌లో లోపం లేదు, కొలెస్ట్రాల్‌ను ఆ చివరి అడుగు దాటించేది ఏదో కరువైంది. అది సంకేతం అందిన ప్రతిసారీ కొత్తగా పుట్టే ప్రొటీన్ అయి ఉండాలి.

30, 37: జెల్ మీద చుక్కలు

టెక్సస్ రాష్ట్రం లబ్బక్‌లోని టెక్సస్ టెక్ యూనివర్సిటీ హెల్త్ సైన్సెస్ సెంటర్‌లో స్టోకో బృందం ఆ ప్రొటీన్ కోసం వెతికింది. ఎలుక వృషణంలోని లేడిగ్ కణాల కణితి నుంచి పెంచిన ఎంఏ-10 కణాలు వారి పనిముట్టు. కొత్తగా పుట్టే ప్రొటీన్లను గుర్తుపట్టడానికి రేడియోధార్మిక గంధకం చేర్చిన మెథియోనిన్‌ను కణాలకు అందించారు. కొన్నిటికి హార్మోను సంకేతం ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. తర్వాత మైటోకాండ్రియా ప్రొటీన్లను జెల్ మీద బరువు వారీగా విడదీశారు. సంకేతం అందిన కణాల్లో మాత్రమే 30 కిలోడాల్టన్ల దగ్గర చుక్కలు కనిపించాయి. అడ్రినల్ కణాల్లో ఇలాంటి చుక్కలనే నానెట్ ఆర్మ్-జాన్సన్ బృందం 1980లలో గమనించింది.

చుక్క కనిపించినంత మాత్రాన పని చేసింది అదేనని రుజువు కాదు. స్టోకో బృందం ఆ ప్రొటీన్‌ను శుద్ధి చేసి, దాని జన్యువును పట్టుకుని, 1994లో ఫలితం ప్రకటించింది. ఆ జన్యువును ఎంఏ-10 కణాల్లోకి ఎక్కిస్తే, హార్మోను సంకేతం లేకుండానే స్టీరాయిడ్ తయారీ పెరిగింది. ఆ ప్రొటీన్‌కు స్టార్ అని పేరు పెట్టారు. స్టెరాయిడోజెనిక్ అక్యూట్ రెగ్యులేటరీ ప్రొటీన్ అన్నది దాని పూర్తి పేరు.

స్టార్ పుట్టినప్పుడు దాని బరువు 37 కిలోడాల్టన్లు. మైటోకాండ్రియా బయటి పొర దగ్గర ఉన్నంతసేపే దానికి పని. లోపలికి లాగేశాక చివర తెగి 30కి తగ్గుతుంది, పనీ ముగుస్తుంది. అంటే ఏళ్ల తరబడి జెల్ మీద చుక్కగా కనిపించింది, డ్యూటీ దిగిపోయిన స్టార్. అందుకే హార్మోను కావలసినంత కాలం కణం కొత్త స్టార్‌ను పుట్టిస్తూనే ఉండాలి.

నిమిషానికి 400

ఒక్కో స్టార్ అణువు నిమిషానికి సుమారు 400 కొలెస్ట్రాల్ అణువులను లోపలికి చేరుస్తుందని తర్వాతి పరిశోధనలు లెక్కగట్టాయి. అది లేకుండా కొలెస్ట్రాల్ అసలే దాటదా అంటే, కొద్దిగా దాటుతుంది. స్టార్ ఉన్నప్పుడు జరిగే పనిలో దాదాపు 14 శాతం. గర్భిణి మావిలో స్టార్ ఉండదు, అక్కడ ప్రొజెస్టెరాన్ తయారీ వేరే దారిలో సాగుతుంది. అందుకే స్టార్ లోపమున్న బిడ్డ కూడా తల్లి కడుపులో నెలలు నిండేదాకా నిలుస్తుంది. గండం పుట్టిన తర్వాతే.

285లో 28 పోతే

మనిషి స్టార్‌లో 285 అమైనో ఆమ్లాలు ఉంటాయి. లైపాయిడ్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అనే అరుదైన పుట్టు జబ్బున్న పిల్లల్లో ఈ స్టార్ జన్యువే చెడిందని వాల్టర్ మిల్లర్, జెరోమ్ స్ట్రాస్, స్టోకో బృందాలు కలిసి 1995లో చూపించాయి. జపాన్, కొరియా పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఒక లోపంలో 258వ స్థానం దగ్గరే ప్రొటీన్ నిర్మాణం ఆగిపోతుంది. పోయేది చివరి 28 అమైనో ఆమ్లాలే, అయినా ప్రొటీన్ పూర్తిగా పనికిరాకుండా పోతుంది.

ఆ పిల్లల అడ్రినల్ గ్రంథులు దాటలేని కొలెస్ట్రాల్‌తో ఉబ్బిపోతాయి. కాలం గడిచేకొద్దీ ఆ కొవ్వే కణాలను చంపి, మిగిలిన 14 శాతం పనినీ దెబ్బతీస్తుంది. వాంతులు, నీరసం, ఒంట్లో ఉప్పు పడిపోవడం ఈ జబ్బు లక్షణాలు. సకాలంలో గుర్తించి, లోపించిన హార్మోన్లను మందుగా ఇస్తే పిల్లలు బతికి పెద్దవుతారు.

తల్లిదండ్రులిద్దరిలో స్టార్ జన్యువు చెడ్డ ప్రతి చెరొకటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికం చేసుకున్న జంటల్లో ఇద్దరికీ ఒకే చెడ్డ ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో పసిబిడ్డలు కారణం తెలియకుండా పోయిన కుటుంబాలు మరో బిడ్డను కనేముందు జన్యు సలహా తీసుకోవడం మేలు.

స్టార్ కొలెస్ట్రాల్ అణువులను సరిగ్గా ఎలా దాటిస్తుందన్నది ఇంకా తేలలేదు. టీఎస్‌పీఓ అనే మరో ప్రొటీన్ ఇందుకు తప్పనిసరి అని చాలాకాలం నమ్మారు. 2014లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన విమల్ సెల్వరాజ్ బృందం, స్టోకో కలిసి ఆ ప్రొటీనే లేని ఎలుకలను పరీక్షించారు. అవి హార్మోన్లను మామూలుగానే తయారుచేసుకున్నాయి.

5 మిల్లీగ్రాముల మాత్ర

ఈ లెక్క మన ఇళ్లలోకీ వస్తుంది. కీళ్ల నొప్పులకో ఆయాసానికో వాడే 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ మాత్ర సుమారు 20 మిల్లీగ్రాముల కార్టిసాల్‌తో సమానం. వారాల తరబడి అది బయటినుంచి అందుతుంటే పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం తగ్గించేస్తుంది. ఏసీటీహెచ్ లేకపోతే స్టార్ పుట్టదు, కొలెస్ట్రాల్ దాటదు, అడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది. నొప్పి తగ్గిందని ఒక్కసారిగా మాత్ర మానేస్తే ఆ నిద్ర వెంటనే వదలదు. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వారాల తరబడి వాడిన స్టీరాయిడ్ మాత్రను సొంతంగా ఆపకండి. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మెల్లమెల్లగా తగ్గించండి.