మూడు విస్తళ్ళు ఆక్రమించు మాట

గురజాలనుండి ఒక పాఠకుడు వ్రాసిన ఉత్తరము గడచిన మాసమున నా బల్లమీదికి వచ్చినది మొదలు వేరొక విషయముపై నా కలము సాగుట లేదు. ఆయన ఔత్సాహిక రేడియో అనుమతిపత్రము పొంది, 100 వాట్ల సెట్టొకటి కొని, డాబామీద తీగ కట్టి, 7 మెగాహెర్ట్జుల పట్టీలో మాటలాడ నారంభించినవారు. వారి ప్రశ్న యిది: "100 వాట్ల సెట్టని చెప్పి అమ్మిరి. నేను మాటలాడునపుడు మీటరు ముల్లు 30 దాటుట లేదు. మైకు గెయిను మీట చివరివరకు త్రిప్పగా 80కి వచ్చినది. అయితే నాటినుండి మాచర్ల మిత్రుడు నా గొంతు ప్రక్కవారిమీద పడుచున్నదని తగవుకు దిగుచున్నాడు. తప్పు సెట్టుదా, నాదా, ఆయన చెవిదా?"

మొదటి తప్పు ముల్లుది. రెండవది ముల్లును నమ్మిన మీది. చెవి సంగతి చివరకు చూతము.

ప్రాథమిక విషయములను పరుగుమీద ముగించెదను. ప్రభుత్వము పెట్టు పరీక్షలో కృతార్థులై, తమకొక పిలుపుగుర్తు పొంది, లాభాపేక్ష లేక వినోదమునకును ప్రయోగమునకును రేడియో నడుపువారిని లోకమంతయు హాములని పిలుచును. మన దేశమున వారికి 1978 నాటి నియమావళి యొకటి కలదు. దాని ప్రకారము వారు వ్యాపారము మాటలాడరాదు, పాటలు ప్రసారము చేయరాదు. హ్రస్వతరంగములమీద మాటలాడుటకు వారు ఎక్కువగా వాడు పద్ధతి పేరు ఎస్సెస్బీ, అనగా ఏకపార్శ్వ ప్రసారము. ఇక అసలు కథకు వత్తము.

పల్నాటివారికి చాపకూడును గూర్చి వేరుగ చెప్ప నక్కరలేదు. బ్రహ్మనాయుడు సకలవర్ణములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనను కథను మాచర్ల చెన్నకేశవుని గుడినీడన పెరిగిన ప్రతి బాలుడును వినియే యుండును. 7000 నుండి 7200 కిలోహెర్ట్జుల వరకు గల పట్టీ అట్టి చాప. మనుష్యుని మాట తెలియుటకు 300 నుండి 2700 హెర్ట్జుల వరకు గల నాదము చాలును గావున, ఏకపార్శ్వమున ఒక్కొక్కరికి రమారమి 3 కిలోహెర్ట్జుల విస్తరి పడును. లెక్కకు అరువదియారు విస్తళ్ళు. అందులో మోర్సు సంకేతములవారి భాగము తీసివేయగా మిగులునవి మఱియు తక్కువ. ఆ చాపమీదనే కొలంబోవారు, జకార్తావారు, బెంగుళూరువారు, మన గురజాలవారు కూర్చుండవలెను. మైకు గెయిను చివరివరకు త్రిప్పినవాడు మూడు విస్తళ్ళమీద కాళ్ళు చాచి కూర్చుండును. తాను ఒక్క విస్తటిలోనే తినుచున్నానని ప్రమాణముచేసి చెప్పును కూడ, ఏలయన తన సెట్టుమీది అంకెలలో ఒకే స్థానము కనబడుచుండును.

ఒక్కచోట కూర్చున్నవాని మాట మూడు చోట్లకు ఎట్లు ప్రాకినది? నాకు అత్యంత ప్రియమైన విషయమిది, చదువరులు తొందరపడవలదు.

పద్యనాటకములకు హార్మోనియము వాయించువారి నడిగి చూడుడు. రెండు రీడులు స్వల్పభేదముతో మ్రోగినపుడు వినబడునది రెండు స్వరములుగా కాక, ఉబ్బుచు తగ్గుచు సాగు ఒక్క స్వరముగా తోచును. దీనిని తలక్రిందులుగా చదివినను సత్యమే. 1000 హెర్ట్జుల స్వరమును సెకనుకు రెండుమారులు ఉబ్బించి తగ్గించినచో, అక్కడ ఉన్నది ఇక ఒక్క స్వరము కాదు; 998, 1000, 1002 అను మూడు స్వరములు. ఉబ్బును సృష్టించితిమనుకొన్నవారము ఎఱుగకయే రెండు క్రొత్త స్వరములను కంటిమి. రేడియో తరంగముమీద మాట నెక్కించుట యనగా ఇదియే. 7100 కిలోహెర్ట్జుల వాహకతరంగమును 1 కిలోహెర్ట్జు నాదముతో ఊపినచో 7099 దగ్గర ఒకటి, 7101 దగ్గర ఒకటి పుట్టును. వీనినే సైడ్‌బ్యాండులు, అనగా పార్శ్వపట్టీలు, అందురు. రెంటియందును ఉన్న సమాచారమొక్కటియే, వాహకమునందు ఏమియు లేదు, కావున వాహకమును ఒక పార్శ్వమును తొలగించి రెండవదానినే పంపిన చాలునని 1915లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినవాడు అమెరికా దేశపు జాన్ కార్సన్. 1923 జనవరిలో ఈ పద్ధతిపై అమెరికానుండి పలికిన మాట లండనులో వినబడెను. 1927 జనవరి 7న ఆ రెండు తీరముల నడుమ ప్రజల టెలిఫోను తెరవబడెను.

ఇంతయు జరిగిన పిమ్మట, 1930 జనవరిలో, నేచర్ పత్రికయందు ఒక మహానుభావుడు ఈ పార్శ్వపట్టీలు గణితజ్ఞుల కల్పనలేగాని ప్రకృతిలో లేవని వాదించెను. ఆయన సామాన్యుడైనచో నేను చెప్పియుండను. 1904లో తొలి రేడియో వాల్వును కనిపెట్టిన సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్! ఉన్నది ఒకే పౌనఃపున్యమనియు, దాని ఎత్తు మాత్రమే హెచ్చి తగ్గుచున్నదనియు ఆయన తలంపు. ఆయన దేశముననే మూడేండ్లుగా జనులు వాహకమును ఒక పార్శ్వమును తీసివేసిన పద్ధతిలో సముద్రమునకు ఆవలివారితో ముచ్చటించుచుండిరి. లేని వస్తువుమీద టెలిఫోను నడచుట యెట్లో ఆ వృద్ధునకు తట్టలేదు. తరంగముయొక్క రూపమును చూచిన కన్ను దానిలోని స్వరములను చూడలేకపోయినది.

కార్సనును మాత్రము తక్కువవాడనుకొనవలదు. పొరపాటు చేయుటయందును ఆయన పెద్దవాడే. తరంగపు ఎత్తును కాక పౌనఃపున్యమును స్వల్పముగా ఊపినచో మాటను ఎంత యిరుకుచోటనైనను ఇమిడ్చవచ్చునని ఆకాలమున పలువురు కలలు గనుచుండగా, 1922లో గణితముతో ఆ కలను భగ్నము చేసినవాడాయన. అంతటితో ఆగక, ఎఫ్ఎమ్ అను ఈ పద్ధతివలన ప్రయోజనమే లేదని తీర్పు చెప్పెను. ఇరుకు మాని వెడల్పునకు పోయినచో రొద అణగిపోవునని ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా ఇంజనీరు 1930ల నడుమ నిరూపించి ఆ తీర్పును కొట్టివేసెను. నేటికిని ఎఫ్ఎమ్ ప్రసారము ఆక్రమించు వెడల్పును కట్టు సూత్రమునకు కార్సను పేరే నిలిచియుండుట విచిత్రము.

గెయినును నిర్భయముగ త్రిప్పు ప్రతి హామును ఫ్లెమింగు శిష్యుడే. అతని మనసులో మాట యనునది ఎత్తు మాత్రమే. ఎత్తు పెంచినచో దూరము పోవునని యతని నమ్మకము. కాని యాంప్లిఫయరునకు ఒక కప్పు ఉన్నది. 100 వాట్ల సెట్టు శిఖరమున 100 వాట్లే ఇయ్యగలదు. అంతకు మించి ఎగయు అలల తలలు కప్పునకు కొట్టుకొని చదునగును. చదునైన అల ఇక మునుపటి అల కాదు. ఆకారము మారినదన్న లోపల క్రొత్త స్వరములు పుట్టినవన్న మాట. హార్మోనియము చెప్పిన పాఠమే.

లెక్క చూడుడు. పరీక్షకొరకు 700, 1900 హెర్ట్జుల రెండు ఈలలను మైకులో ఊదితిమనుకొనుడు. 7100 దగ్గర క్రిందిపార్శ్వమున అవి 7099.3, 7098.1 కిలోహెర్ట్జుల స్థానములందుండును. యాంప్లిఫయరు చక్కగా నడచినంతసేపు బయటికి పోవునవి ఆ రెండే. తలలు చదునైన మరుక్షణము 7100.5 దగ్గర ఒకటి, 7096.9 దగ్గర ఒకటి లేచును; ఇంకను ఒత్తినచో 7101.7న, 7095.7న మఱి రెండు. మొదటిది మన విస్తరికి ఆవలి ప్రక్కన, ఎవరో పొరుగువాని విస్తటిలో! మాటలోనున్న స్వరములు రెండు కావు, వందలు. వాని సంతానమును ఊహించుకొనుడు. పైగా ఈ సంతానముది సమవృద్ధి కాదు: అసలు స్వరముల శక్తి రెండురెట్లయినచో ఈ మూడవ తరగతి బిడ్డల శక్తి ఎనిమిది రెట్లగును.

"నా సెట్టులో ఖరీదైన ఫిల్టరు ఉన్నదే, అది ఏమి చేయుచున్నది?" అని నన్ను నిలదీసినవారున్నారు. ఫిల్టరు తన పని తాను ముందే ముగించి కూర్చున్నది. ఈ వికృతి పుట్టుచున్నది దానికి ఆవల, చివరి యాంప్లిఫయరులో. వాకిట కావలివానిని పెట్టి పెరటిగోడ కూలద్రోసికొన్న యింటికి ఆ కావలి యెందులకు?

ఇప్పుడు ముల్లు చేసిన మోసము తెలియును. మాటయన్నది గుట్టలు మిట్టలుగా సాగును. ఒక అక్షరము శిఖరమునంటును, మరుక్షణము నిశ్శబ్దము. బరువైన ముల్లు ఆ శిఖరములను అందుకొనలేక సగటును చూపును. కనుక సహజమైన మాటకు 100 వాట్ల సెట్టులో అది 20, 30 నడుమ ఆడుటయే ఆరోగ్యలక్షణము. మన గురజాల మిత్రుని శిఖరములు మొదటిరోజుననే 100 వాట్లను తాకినవి. ముల్లును 80కి తెచ్చినది క్రొత్తగా వచ్చిన బలము కాదు, నరికిన తలల గుట్ట. పోనీ, దూరమున వినువానికి లాభమైన కలిగెనా? 30నుండి 80 అనగా నాలుగు డెసిబెళ్ళకు కాస్త పైమాట. అవతలివాని సెట్టులో బలమును చూపు ఎస్-మీటరుమీద ఒక్క గడి జరుగుటకు ఆరు డెసిబెళ్ళు కావలెను. ఆ గడిలో ముప్పాతిక కొరకు ఇరుగుపొరుగుల విస్తళ్ళు చెడినవి.

సెట్టులో ఏఎల్సీ యను కాపరి యున్నాడు గదాయని కొందరి ధైర్యము. బలము హద్దు మీరినపుడు వెనుకకు లాగుట దాని పని. లాగుటకు ముందు మీరుట జరుగవలెను. ప్రతి పదారంభమునను మొదటి అల తప్పించుకొని బయటపడును. అది ప్రమాదమున పట్టుకొను త్రాడేగాని రోజూ ఊగు ఊయెల కాదు. ఇక కంప్రెసరు చిన్న ధ్వనులను పెంచి పెద్దవానితో సమము చేయును. దూరదేశపు స్టేషనును పట్టుకొనునపుడు మితముగా మేలే. అమితమైనచో మీరు ఊపిరి పీల్చినపుడు సీలింగు ఫ్యానును, వంటింటి కుక్కరును సింగపూరునకు వినిపించును.

శివరాత్రినాడు కోటప్పకొండ త్రోవలో ప్రభలమీది మైకుసెట్లను విన్నవారికి నేను చెప్పునది బోధపడును. మూడు బాకాలు ఒకేమారు అరచునపుడు పాటయున్నదని తెలియును, మాట తెలియదు. శక్తియంతయు అచ్చులలో నుండును, అర్థమంతయు హల్లులలో నుండును. మనది అజంతభాష, పదముపదమునకు ఒక అచ్చు చివర నిలిచి ఘీంకరించును. పాలు, కాలు, తాలు అను మూటికిని భేదము తొలి హల్లొక్కటే. ఆ సన్నని చప్పుడు అలల తలలతోపాటు చితికినచో వినువాడు ఏది పట్టుకొనవలెను? అందుచేత మంద్రస్వరములను కొంత తగ్గించి పై స్వరములను నిలుపుట మంచిది. గంభీరమైన ఆకాశవాణి గొంతు తమకు కావలెనని బాసు పెంచుకొను మిత్రులు వాట్లను వృథా చేయుచున్నారు.

మర్యాదయన్నది దీనికి వేరైన విషయమని నేను తలపను. 1928లో పాల్ సెగల్ అను అమెరికా హాము వ్రాసిన ఆచారసూత్రములలో, తన వలన ఇతరుల ఆనందమునకు భంగము కలుగకుండ నడచుకొనుట ముందు చెప్పబడినది. ముందు విను, ఈ చోటు ఖాళీయా అని అడుగు, అవతలివాడు ముగించిన పిదప ఒక్క క్షణము ఆగి మూడవవానికి సందు ఇమ్ము, సెట్టును సరిచూచుకొనుటకు గాలిలోనికి కాక, తీగకు బదులుగా తగిలించు డమ్మీలోడులోనికి పంపుము. ఇవన్నియు అందరికి తెలిసినవే. నాకు కోపము తెప్పించునది మరొకటి: మాట నలుగుచున్నను "ఐదు తొమ్మిది, అద్భుతముగా నున్నది" అని అత్యుత్తమ రిపోర్టు ఇచ్చి పొగడి, వెంటనే "పేరు మరల చెప్పుడు" అని అడుగుట. అబద్ధపు రిపోర్టు ఇచ్చువాడు మర్యాదస్థుడు కాడు. తన గొంతును తాను గాలిలో వినలేని మనిషికి ఎదుటివాని చెవియే అద్దము.

ఈ క్రమశిక్షణ యెందులకని అడుగువారికి 2004 డిసెంబరును గుర్తుచేయుదును. హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ పోర్టుబ్లెయిరునుండి వీయూ4ఆర్‌బీఐ పిలుపుగుర్తుతో పలుకుచుండగా, ఏండ్లకేండ్లు అండమాను వినక తహతహలాడిన లోకపు హాములు ఒకరిపైనొకరు పడి పిలుచుచుండిరి. డిసెంబరు 26 ఉదయమున భూమి కంపించెను, సముద్రము లేచెను, టెలిఫోనులు మూగవోయెను. ఆ క్షణమునుండి అదే సెట్టు, అదే గొంతు ద్వీపవాసుల క్షేమసమాచారములను ప్రధానభూమికి చేరవేసెను. అట్టిదినమున ప్రక్కవిస్తటినుండి పొర్లివచ్చు ఒక్క చదునుతల గొంతు ఒక మనిషి పేరును మింగివేయవచ్చును.

గురజాల మిత్రమా, ఇక మీ పని. కంప్రెసరు కట్టివేయుడు. మైకును నోటికి నాలుగు వ్రేళ్ళ దూరమున, కొంచెము ప్రక్కకు పట్టి, ఇంటిలో మాటలాడునట్లే మాటలాడుడు. గట్టి అక్షరములకు మాత్రమే ఏఎల్సీ ముల్లు కదలి, గీచిన హద్దు లోపలనే ఆగునట్లు గెయినును దించి వదలుడు. వాట్ల ముల్లు 30 దగ్గర ఆడినచో ఆడనిండు.

మిగిలినది మాచర్లవారి చెవి. దగ్గరి ఊరు గనుక మీ బలమునకు వారి రిసీవరే ఉక్కిరిబిక్కిరియై లేనిపోని ధ్వనులను పుట్టించుచుండవచ్చును. వారు మీకు 3 కిలోహెర్ట్జుల ప్రక్కకు పోయి విని, తమ సెట్టులోని, వచ్చు బలమును తగ్గించు 10 డెసిబెళ్ళ అటెన్యుయేటరును వేయవలెను. ఆ చెడుధ్వని సరిగా 10 మాత్రమే తగ్గినచో దోషము మీది. అంతకు చాల మించి తగ్గినచో దోషము వారిది. ఏది తేలినను నాకొక కార్డు వ్రాయుడు.