ప్లేట్‌లెట్లు పెరిగినా పట్టించుకోవాలి

ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగ్యూ గుర్తొస్తుంది. తగ్గితే కంగారు పడతాం, పెరిగితే 'మంచిదేలే' అనుకుంటాం. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల రిపోర్టులు ఇక్కడ అమెరికాలో ఫోన్‌లో చూసుకునే మనం ఈ సంగతి తెలుసుకోవాలి.

మైక్రోలీటరు రక్తంలో ఇవి 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. ఇన్‌ఫెక్షన్, ఐరన్ లోపం వల్ల పెరిగితే అవి తగ్గాక దిగుతాయి. ఏ కారణం లేకుండా నెలల తరబడి దిగకపోతే డాక్టర్లు ఎముక మజ్జ పరీక్ష చేయించమంటారు. ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకారియోసైట్లు ఉండేది అక్కడే. ఆ కణాలు మరీ పెద్దవై చెదురుమదురుగా కనిపిస్తే ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా కావచ్చు. దీనితో చాలామంది మందులు వాడుతూ ఏళ్ల తరబడి మామూలుగానే బతుకుతారు. ఆకారం చెడి, గుంపులు కడితే మైలోఫైబ్రోసిస్ తొలిదశ కావచ్చు. అందులో మజ్జ క్రమేపీ నారకట్టి, రక్తం తయారీ దెబ్బతింటుంది.

రక్తపరీక్షలో రెండూ ఒకేలా ఉండొచ్చు. 2005లో గుర్తించిన జాక్‌2, 2013లో గుర్తించిన కాల్‌ఆర్ జన్యుమార్పులు రెండింట్లోనూ కనిపిస్తాయి. అందుకే మజ్జ పరీక్ష అంత ముఖ్యం.

'వెన్నులో సూది' అని పెద్దవాళ్లు భయపడతారు. సూది గుచ్చేది వెన్నులో కాదు, తుంటి ఎముక వెనకభాగంలో, అదీ మత్తిచ్చి. ఆ ధైర్యం ఫోన్‌లో మనమే చెబుదాం.